ముందు బంతి, ఆ తర్వాతే దర్శనం



రామసముద్రం, పుంగనూరు, కుప్పం వైపు పల్లెల్లో డెబ్బై దాటిన పెద్దాయన్ని కొత్త పని మొదలుపెట్టమని ఎవరూ అడగరు. అరుగు మీద కూర్చుని మనవళ్ళను చూసుకుంటూ, పొద్దుగూకినాక ఇంత సంగటి తిని పడుకుంటే చాలంటారు. 1552లో పంజాబులో, బియాస్ నది ఒడ్డున, డెబ్బై మూడేళ్ళ పెద్దాయన ఒకరికి అసలు పని అప్పుడే మొదలైంది. ఆయన పేరు అమర్‌దాస్. సిక్కుల పదిమంది గురువుల్లో మూడోవారు. ఆ తర్వాత ఇరవై రెండేళ్ళు, 1574 సెప్టెంబరు 1న తొంభై అయిదో ఏట కన్నుమూసేదాకా, ఆయన ఖాళీగా కూర్చున్న రోజంటూ లేదు.

ఆ కాలం ఎటువంటిదో మన చరిత్రతో కలిపి చూస్తే తేలికగా అర్థమవుతుంది. ఆయన పుట్టింది 1479లో. అప్పటికి తాళ్ళపాక అన్నమయ్య ఇంకా తిరుమల కొండమీద సంకీర్తనలు రాస్తూనే ఉన్నారు. శ్రీకృష్ణదేవరాయలు విజయనగర సింహాసనం ఎక్కేనాటికి అమర్‌దాస్ వయసు ముప్పై. ఆయన గురుపీఠం మీద ఉండగానే, 1565లో, తళ్ళికోట యుద్ధం జరిగింది. విజయనగరం పాడుబడింది. రాజధాని పెనుకొండకు తరలింది. ఉత్తరాన 1556లో పదమూడేళ్ళ అక్బరు ఢిల్లీ గద్దె ఎక్కాడు. రాజ్యాలు ఇలా తలకిందులవుతున్న రోజుల్లో, ఈ ముసలాయన బియాస్ ఒడ్డున ఒక వంటశాలను, ఒక దిగుడుబావిని, ఊరూరా ప్రచారకుల ఏర్పాటును నిలబెట్టే పనిలో ఉన్నాడు.

మనుషులంతా ఒకటేనని ఆ రోజుల్లో చెప్పినవాళ్ళు తక్కువేమీ కాదు. కాశీలో కబీరు చెప్పాడు, రవిదాసు చెప్పాడు. మన అన్నమయ్య పాడాడు. సిక్కు మార్గానికి మూలపురుషుడైన గురు నానక్ ఊరూరా తిరిగి అదే చెప్పాడు. వింటున్నంతసేపూ జనం తలలూపేవారు. ఇంటికి వెళ్ళాక ఎవరి కంచం వాళ్ళది, ఎవరి బావి వాళ్ళది, ఎవరి వీధి వాళ్ళది. అమర్‌దాస్ ఈ తేడాను కనిపెట్టాడు. నానక్ చెప్పిన ప్రతి మాటకూ ఒక నిత్యకృత్యాన్ని జోడించాడు. మాట విని ఊరుకోవడానికి వీల్లేకుండా, దాన్ని చేసి తీరాల్సిన పనిగా మార్చాడు. ఆయన సంస్కరణలన్నిటిలోనూ కనిపించే పద్ధతి ఇదే.

ఆయన స్వస్థలం అమృత్‌సర్ దగ్గరి బాసర్కే. భల్లా శాఖకు చెందిన ఖత్రీ కుటుంబం, వ్యవసాయం, వ్యాపారం. భార్య మనసాదేవి. ఇద్దరు కొడుకులు మోహన్, మోహరీ, ఇద్దరు కూతుళ్ళు దానీ, భానీ. నిష్ఠ గల వైష్ణవుడు. ఉపవాసాలు తప్పేవాడు కాదు, ఏటా గంగాస్నానానికి హరిద్వారం వెళ్ళి వచ్చేవాడు. అరవై ఏళ్ళు ఇలాగే గడిచాయి.

అప్పుడు ఇంట్లోనే ఒక పాట వినబడింది. ఆయన తమ్ముడి కోడలు అమ్రో తెల్లవారుజామున పని చేసుకుంటూ నానక్ కీర్తనలు పాడుకునేది. ఆ అమ్మాయి మామూలు ఇంటి పిల్ల కాదు. నానక్ తర్వాత గురుపీఠం మీద కూర్చున్న గురు అంగద్ కన్నకూతురు. ఆ పాట ఎవరిదమ్మా అని అమర్‌దాస్ అడిగాడు. మా నాన్న దగ్గర నేర్చుకున్నానంది. తనను అక్కడికి తీసుకువెళ్ళమన్నాడు.

ఇక్కడ బంధుత్వం కొంచెం లెక్క వేసుకోవాలి. కోడలి తండ్రి అంటే తమ్ముడికి వియ్యంకుడు. పైగా అంగద్ పుట్టింది 1504లో, అంటే అమర్‌దాస్ కంటే పాతికేళ్ళు చిన్న. వియ్యాలవారి ఇంటికి మగపెళ్ళివారి తరఫు పెద్దాయన వెళ్ళాడంటే మర్యాదలు ఆయనకే జరగాలి, కాళ్ళు కడగాల్సింది ఆడపిల్ల తండ్రి. మన దగ్గరా అంతే, పంజాబులోనూ అంతే. అటువంటిది అమర్‌దాస్ ఖడూర్ గ్రామానికి వెళ్ళి, ఆ పాతికేళ్ళ చిన్నవాడి ముందు శిష్యుడిగా నిలబడ్డాడు. వయసును, వరస పెద్దరికాన్ని ఒక్క గుమ్మం దగ్గరే వదిలేశాడు. తర్వాత ఆయన ఇతరులను కులం వదలమని అడిగినప్పుడు, తన వంతు ముందే వదిలేసి ఉన్నాడని అందరికీ తెలుసు.

ఖడూర్‌లో ఆయన పెట్టుకున్న పని నీళ్ళు మోయడం. రోజూ చీకటితోనే లేచి, బియాస్ దాకా నడిచి, గురువు స్నానానికి కడవతో నీళ్ళు తెచ్చేవాడు. దాదాపు పన్నెండేళ్ళు ఇదే సేవ. ఒక వానాకాలపు రాత్రి, చీకట్లో నేతగాళ్ళ వాడలో మగ్గం గుంట దగ్గరి మేకు తగిలి పడిపోయాడని సిక్కులు కథగా చెప్పుకుంటారు. కడవ మాత్రం ఒలకనివ్వలేదట. చప్పుడుకు లేచిన నేతగాడి భార్య, ఇంకెవరు, ఆ ఇల్లూ వాకిలీ లేని అమ్రూనే అయి ఉంటాడని విసుక్కుందట. ఆ సంగతి గురువు చెవిన పడింది. ఇల్లు లేనివాళ్ళందరికీ ఇతనే ఇల్లు అని అంగద్ సభలో ప్రకటించాడని, తన తర్వాతి గురువుగా ఆయన్నే ఎంచుకున్నాడని ఆ కథ సాగుతుంది. 1552లో గురుపీఠం ఆయనకు దక్కింది.

పీఠం దక్కగానే తగాదా మొదలైంది. అంగద్ కొడుకు దాతూకు ఇది నచ్చలేదు. ఇంట్లో నీళ్ళు మోసిన ముసలివాడు గురువవడమేమిటని, అమర్‌దాస్ ఉంటున్న గోయింద్‌వాల్ వచ్చి, నిండు సభలో ఆయన్ని కాలితో తన్నాడని సంప్రదాయ గ్రంథాలు చెబుతాయి. అమర్‌దాస్ లేచి, నా ముసలి ఎముకలు గట్టివి, నీ పాదం నొచ్చిందేమోనని దాతూ కాలు పట్టుకున్నాడట. ఆ రాత్రే ఊరు వదిలి బాసర్కే వెళ్ళి ఒక గదిలో తలుపు వేసుకున్నాడు. నానక్ కాలం నుంచీ ఉన్న పెద్ద శిష్యుడు బాబా బుడ్ఢా, మిగతా భక్తులతో కలిసి వెతుక్కుంటూ వెళ్ళి, ఆయన్ని తిరిగి తీసుకువచ్చాడు. దాతూ వెంట జనం నిలవలేదు.

గోయింద్‌వాల్‌ను ఎంచుకోవడంలో తెలివి ఉంది. ఢిల్లీ నుంచి లాహోర్ వెళ్ళే పాత బాట అక్కడే బియాస్ నదిని దాటేది. రేవు దగ్గర పడవ కోసం అందరూ ఆగాల్సిందే. వర్తకులు, సిపాయిలు, యాత్రికులు, కూలీలు, బిచ్చగాళ్ళు, ఎవరు ఎటు వెళ్ళినా ఆ ఊరి మీదుగానే. ఆగినవాడికి ఆకలి వేస్తుంది. ఆకలి వేసినవాడికి లంగర్ ఉంది.

లంగర్ అంటే గురువు వంటశాల. నానక్ కాలంలోనే ఉంది. అంగద్ కాలంలో ఆయన భార్య మాతా ఖీవీ వంటశాలను దగ్గరుండి నడిపేది, పాయసంలో నెయ్యి ధారాళంగా పోసేదని ఆమెకు పేరు. అమర్‌దాస్ దానికి ఒక షరతు చేర్చాడు. గురువును చూడాలంటే ముందు బంతిలో కూర్చుని భోజనం చేయాలి. అది అయ్యాకే దర్శనం. ఎవరికీ మినహాయింపు లేదు. బంతి అంటే నేల మీద వరస. ఆ వరసలో ముందు వచ్చినవాడు ముందు, వెనక వచ్చినవాడు వెనక. బ్రాహ్మణుడి పక్కన చర్మకారుడు, జమీందారు పక్కన అతని జీతగాడు, హిందువు పక్కన ముస్లిం.

ఒకప్పుడు మన పల్లెల్లో పెళ్ళి భోజనాల బంతులు ఎలా సాగేవో పెద్దవాళ్ళు చెప్పగా విన్నవాళ్ళకు ఈ షరతు బరువు తెలుస్తుంది. ఆ రోజుల్లో ఎవరి వంట ఎవరు తింటారు, ఎవరు ఎవరి పక్కన కూర్చుంటారు అన్నదే కులం నిలబడే స్తంభం. అమర్‌దాస్ కులం మీద వాదన పెట్టుకోలేదు. దర్శనం కోసం వచ్చినవాడికి ఆ వాదనకు సమయమూ ఇవ్వలేదు. ఆకలిగా ఉన్నవాడు, దర్శనం కావలసినవాడు, ముందు కూర్చుంటాడు, తింటాడు. తిన్నాక ఇంటికి వెళ్ళి తినలేదని అనలేడు.

ఈ షరతు ఇష్టం లేనివాళ్ళు తిరిగి వెళ్ళిపోయారు కూడా. మిగిలినవాళ్ళే ఆయనకు కావలసినవాళ్ళు.

వంటశాలకు సరుకు భక్తులే తెచ్చేవారు. పిండి, పప్పు, నెయ్యి, కట్టెలు. ఏ రోజుకు వచ్చింది ఆ రోజే ఖర్చు చేయాలని, రేపటికి దాచకూడదని నియమం. గురువు మాత్రం ఉప్పులేని జావతోనే సరిపెట్టుకునేవాడని సంప్రదాయం. అక్బరు పాదుషా లాహోర్ దారిలో గోయింద్‌వాల్ వచ్చి, అందరితో పాటు నేల మీద కూర్చుని తిన్నాకే గురువును చూశాడన్న కథ పంజాబులో చిన్నపిల్లలకూ తెలుసు. వంటశాల ఖర్చుకు భూములు ఇస్తానంటే, భక్తులు తెచ్చేది చాలని గురువు కాదన్నాడని, చివరికి ఆ భూమిని పాదుషా గురువు కూతురు భానీ పేర రాయించాడని ఆ కథలోనే ఉంది. పాదుషా దానం మీద నడిచే వంటశాల పాదుషా మాటా వినాల్సి వస్తుందని ఆ ముసలాయనకు తెలియని సంగతి కాదు.

కూడు తర్వాత నీళ్ళు. గోయింద్‌వాల్‌లో ఆయన ఎనభై నాలుగు మెట్ల దిగుడుబావి తవ్వించాడు. పంజాబులో దాన్ని బావలీ అంటారు. మట్టి మోసినవాళ్ళు, ఇటుకలు పేర్చినవాళ్ళు, రాయి అడ్డం వస్తే పగలగొట్టినవాళ్ళు భక్తులే. ఎండాకాలం వస్తే బోర్లు ఎండిపోయే రామసముద్రం వైపు రైతులకు మెట్లు దిగి నీళ్ళు ముంచుకునే బావి విలువ వేరే చెప్పనక్కరలేదు. అయితే ఈ బావి ఉద్దేశం దాహం ఒక్కటే కాదు. పల్లె బావుల దగ్గర ఎవరు ముంచాలి, ఎవరు దూరంగా నిలబడాలి అన్న లెక్కలుంటాయి. ఇక్కడ మెట్లు అందరికీ ఒకటే, నీళ్ళూ ఒకటే. హరిద్వారం దాకా వెళ్ళలేని పంజాబు రైతుకు దగ్గరలోనే ఒక స్నానఘట్టం దొరికింది. ఏటా గంగకు నడిచిన మనిషే ఆ బావి తవ్వించాడు మరి.

బైశాఖీకి, దీపావళికి భక్తులంతా గోయింద్‌వాల్ రావాలని కూడా ఆయన కట్టడి చేశాడు. రెండూ జనం ఎలాగూ పని మానుకునే పండుగలే. కొత్త పండుగ పెడితే జనానికి అలవాటు కావాలి. ఉన్న పండుగకే కొత్త చోటు చూపించాడు. ఏడాదికి ఒకసారైనా అందరూ ఒకచోట కలిసి, బావిలో స్నానం చేసి, బంతిలో తిని, కీర్తన విని, తెచ్చిన కానుక ఇచ్చి వెళ్ళేవారు.

ఇంతమంది భక్తులు దూరదూరాల్లో ఉంటే గురువు ఒక్కడూ అందరినీ చూసుకోలేడు. అందుకని పంజాబు, దాని చుట్టుపక్కల ప్రాంతాలను ఇరవై రెండు మంజీలుగా విభజించాడు. మంజీ అంటే మంచం. ఒక్కో మంజీకి నమ్మకమైన శిష్యుడొకరు. మంచం మీద కూర్చుని నానక్ బోధలు చెప్పడం, కీర్తన నడపడం, ఆ ప్రాంతపు కానుకలు పోగుచేసి లంగర్‌కు పంపడం అతని పని. ఈ బాధ్యతలకు ఎంపికైనవాళ్ళలో ఒక ముస్లిం భక్తుడు, కొందరు స్త్రీలు కూడా ఉన్నారని సంప్రదాయం చెబుతుంది. పదహారో శతాబ్దంలో ఆడమనిషి పది ఊళ్ళకు మతబోధ చేసే స్థానంలో కూర్చోవడమంటే చిన్న విషయం కాదు.

ఆడవాళ్ళ సంగతి దగ్గరకు వచ్చేసరికి అమర్‌దాస్ గొంతు ఇంకా కటువుగా వినిపిస్తుంది.

చిత్తూరు, కోలారు సరిహద్దు పల్లెల్లో పొలం గట్ల మీద, గుడుల పక్కన వీరగల్లులు కనిపిస్తాయి. ఆవులమంద కోసమో ఊరి కోసమో పోరాడి చచ్చిన వీరుడి బొమ్మలు అవి. దక్కను నేల మీద వాటికి తోడుగా సతి రాళ్ళు కూడా ఉన్నాయి. మొగుడి చితిలో కాలిపోయిన ఇల్లాలి గుర్తుగా, పైకెత్తిన చెయ్యి, దాని నిండా గాజులు చెక్కి ఉంటారు. విజయనగరం వచ్చిన నికొలో కాంటీ, నూనిజ్ వంటి విదేశీయులు కూడా ఈ సహగమనం గురించి రాసిపెట్టారు. మన దగ్గర రాయి చెక్కి మొక్కుతున్న ఆ రోజుల్లోనే, పంజాబులో అమర్‌దాస్ దాన్ని తప్పుపడుతూ కీర్తనలు రాశాడు. చితిలో కాలినామె సతి కాదని, వియోగాన్ని భరిస్తూ, శీలంతో, సంతృప్తితో బతికే స్త్రీయే సతి అని ఆ కీర్తనల సారాంశం. సిక్కుల పవిత్ర గ్రంథమైన గురుగ్రంథంలో అవి సూహీ రాగం కింద ఉన్నాయి.

కీర్తన రాసి ఊరుకోలేదు. సభకు ముసుగు వేసుకుని రావద్దన్నాడు. ఒక కొండరాజు తన రాణులతో దర్శనానికి వస్తే, వారిలో కొత్తగా కాపురానికొచ్చిన ఒక రాణి ముసుగు తీయలేదని, గురువు ఆమెను మందలించాడని కథ ఉంది. వితంతువులు మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చన్నాడు. సతీసహగమనాన్ని కంపెనీ ప్రభుత్వం బెంగాల్‌లో నిషేధించింది 1829లో, మద్రాసు ప్రెసిడెన్సీలో 1830లో. వితంతు పునర్వివాహాల చట్టం వచ్చింది 1856లో. కందుకూరి వీరేశలింగం రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. ఈ తేదీల పక్కన అమర్‌దాస్‌ను పెడితే ఆయన దాదాపు మూడు వందల ఏళ్ళు ముందున్నాడు.

పుట్టుక, పెళ్ళి, చావు తంతులకు పురోహితుడి కోసం ఎదురుచూసే అవసరం కూడా తప్పించాడు. రామ్‌కలీ రాగంలో ఆయన కూర్చిన నలభై చరణాల ‘ఆనంద్’ అన్ని సందర్భాలకూ పనికొచ్చే పాట అయింది. శుభానికీ అదే, అశుభానికీ అదే. నేటికీ సిక్కుల ఇంట ఏ కార్యం ముగిసినా ఆ పాట చరణాలు వినిపిస్తాయి. వాళ్ళ పెళ్ళికి ఆనంద్ కారజ్ అన్న పేరే స్థిరపడింది, 1909లో ఆనంద్ వివాహ చట్టమే వచ్చింది.

ఇన్ని మార్పులు చేస్తే ఊరుకునేవాళ్ళెవరు? ఈయన వర్ణధర్మాన్ని మంటగలుపుతున్నాడని బ్రాహ్మణులు, ఖత్రీలు కలిసి అక్బరుకు ఫిర్యాదు చేశారని సంప్రదాయ చరిత్ర. గురువు తాను వెళ్ళకుండా శిష్యుడు జేఠాను లాహోర్ పంపాడు. జేఠా దర్బారులో సమాధానం చెప్పి నెగ్గుకొచ్చాడు. ఈ జేఠా పూర్వం ఉడికించిన శనగలు అమ్ముకుని బతికిన అనాథ కుర్రాడు. గోయింద్‌వాల్ చేరి, సేవలో కలిసి, గురువు మెచ్చి కూతురు భానీని ఇచ్చి పెళ్ళి చేసేదాకా వచ్చాడు.

వారసుడి ఎంపికలో కన్నకొడుకులిద్దరినీ పక్కనబెట్టాడు అమర్‌దాస్. అల్లుళ్ళు రామా, జేఠా ఇద్దరికీ మట్టితో అరుగులు కట్టమని చెప్పి, కట్టినవి బాగాలేవని మళ్ళీ మళ్ళీ పడగొట్టించాడట. రామా విసుక్కున్నాడు. జేఠా ఏడుసార్లు కట్టాడు, ఒక్కసారీ మాట తూలలేదు. 1574లో అతనే గురు రామ్‌దాస్ అయ్యాడు. అమృత్‌సర్ నగరానికి పునాది వేసినవాడు ఆయనే. ఆయన కొడుకు, అంటే అమర్‌దాస్ మనవడు అర్జున్, 1604లో గురుగ్రంథానికి తొలి రూపం ఇచ్చాడు. అందులో తాతగారి కీర్తనలు ఎనిమిది వందలకు పైగా ఉన్నాయి. గురువుల వాణిని పోగుచేసి పుస్తకాలుగా రాయించే పని కూడా గోయింద్‌వాల్‌లో అమర్‌దాస్ కాలంలోనే సాగింది. ఆయన కొడుకు మోహన్ దగ్గర భద్రంగా ఉన్న ఆ పోథీలు అర్జున్‌కు అక్కరకొచ్చాయి.

ఇక మన వైపు వద్దాం. అమర్‌దాస్ పోయిన నూటయాభై ఆరేళ్ళకు, 1730లో, గుర్రంకొండ దగ్గరి తరిగొండలో వెంగమాంబ పుట్టింది. చిన్నతనంలోనే పెళ్ళి, చిన్నతనంలోనే వైధవ్యం. ఆమెకు మంత్రోపదేశం చేసిన గురువు మదనపల్లెకు చెందిన సుబ్రహ్మణ్య దేశికులు. మొగుడు పోయాక తల గొరిగించుకోవాలి, బొట్టు చెరుపుకోవాలి, గాజులు పగలగొట్టుకోవాలి. వెంగమాంబ ఒప్పుకోలేదు. తరిగొండ నరసింహస్వామి, ఏడుకొండలవాడు ఉండగా తాను విధవనెలా అవుతానని ఆమె నిలదీసింది. ఊరు వెలివేసినంత పని చేసింది. పుష్పగిరి పీఠాధిపతి చేత చెప్పించినా ఆమె వినలేదని కథనం. చివరికి ఊరు విడిచి తిరుమల చేరింది.

గుర్రంకొండ కోట చేతులు మారుతున్న అల్లకల్లోలపు రోజులవి. ఆ రోజుల్లో ఒంటరి ఆడమనిషి కొండమీద బతుకుతూ తరిగొండ నృసింహ శతకం, వేంకటాచల మాహాత్మ్యం, రాజయోగసారం, వాశిష్ఠ రామాయణం వంటి గ్రంథాలు రాసింది. యాత్రికులకు అన్నదానం, చలివేంద్రం ఏర్పాటు చేసింది, అందుకు దాతల నుంచి దానపత్రాలు సంపాదించింది. 1817లో తిరుమలలోనే సమాధి అయింది. రాత్రి ఏకాంత సేవలో స్వామికి ఆమె పేర ఇచ్చే ముత్యాల హారతి ఇప్పటికీ సాగుతోంది. తిరుమల తిరుపతి దేవస్థానం 1985లో మొదలుపెట్టిన నిత్యాన్నదానం, 2011లో కట్టిన పెద్ద అన్నప్రసాద భవనం నిండా సాగుతోంది. ఆ భవనానికి పెట్టిన పేరు మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ.

పంజాబు పెద్దాయనకూ తరిగొండ ఆడపడుచుకూ పరిచయం ఉండే వీలు లేదు. ఇద్దరూ పట్టుకున్నవి మాత్రం రెండే: విధవ బతుకు, బాటసారి ఆకలి. తేడా ఇంకోచోట ఉంది. వెంగమాంబ తన ఒక్కతి కోసం పోరాడి గెలిచింది. ఆమె తర్వాత తరిగొండలోనో మదనపల్లెలోనో మొగుడు పోయిన ఆడపిల్లకు ఆ గెలుపు దక్కలేదు. ఆమెను దేవుడికి దగ్గరైన అసాధారణ స్త్రీగా కొలిచి, మామూలు ఆడవాళ్ళ మీద పాత కట్టుబాట్లనే అమలుచేశారు. అన్నదానం మాత్రం నిలిచింది, ఎందుకంటే దానికి దానపత్రాలు ఉన్నాయి, వంటవాళ్ళు ఉన్నారు, వేళ ఉంది. అమర్‌దాస్ వెనుక మంజీలున్నాయి, పండుగలున్నాయి, వంటశాల ఉంది. ఆయన చెప్పింది శిష్యులందరికీ వర్తించే నియమం.

అంతమాత్రాన పంజాబులో అంతా సాఫీగా జరిగిందనుకుంటే పొరపాటు. మంజీల పద్ధతి తర్వాతి కాలంలో మసందుల చేతికి వెళ్ళింది. కానుకలు పోగుచేసే మసందులు కొందరు సొంత పెత్తనం మొదలుపెట్టారు. వారి ఆగడాలు భరించలేక పదో గురువు గోవింద్ సింగ్ ఆ పద్ధతినే రద్దు చేశాడు. 1839లో సిక్కు మహారాజు రంజిత్ సింగ్ చనిపోయినప్పుడు ఆయన చితి మీద నలుగురు రాణులు, మరికొందరు దాసీలు కాలిపోయారు. సతిని తప్పుపట్టిన గురువు కీర్తనలు రోజూ చదివే దర్బారులోనే ఇది జరిగింది. 1920 అక్టోబరులో దళిత సిక్కులు అమృత్‌సర్ స్వర్ణాలయానికి తెచ్చిన ప్రసాదాన్ని అక్కడి పూజారులు తీసుకోబోమన్నారు. దాని మీద రేగిన గొడవే గురుద్వారాల సంస్కరణ ఉద్యమానికి ఊపిరి పోసింది, ఆ నవంబరులోనే శిరోమణి గురుద్వారా ప్రబంధక్ కమిటీ ఏర్పడింది. కులం పెళ్ళిళ్ళలో, పొలాల్లో, ఊళ్ళ పొలిమేరల్లో మిగిలింది. బంతిలో మాత్రం దాన్ని అడిగేవాడు లేడు. నియమం ఎక్కడ రోజూ అమలైందో అక్కడ గెలిచింది, ఎక్కడ కీర్తనగా ఉండిపోయిందో అక్కడ ఓడింది.

ఆ బంతి మన తెలుగు వాళ్ళకు దూరమైనదీ కాదు. 1699లో గోవింద్ సింగ్ ఖాల్సా అనే సిక్కు దీక్షా సమాజాన్ని స్థాపించినప్పుడు తల ఇవ్వడానికి ముందుకొచ్చిన అయిదుగురిలో ఒకడు సాహిబ్ చంద్, బీదర్ వాడు, మంగలి కులంలో పుట్టినవాడు. గురు గోవింద్ సింగ్ 1708లో కన్నుమూసింది గోదావరి ఒడ్డున నాందేడ్‌లో. బీదర్, నాందేడ్ రెండూ 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో భాగాలే. 1832లో నిజాం దివాను చందూలాల్ కోరిక మీద రంజిత్ సింగ్ పంపిన సిక్కు పటాలం హైదరాబాదులో స్థిరపడింది. అత్తాపూర్ దగ్గరి సిక్కు ఛావనీ వాళ్ళదే. వారి పిల్లల పిల్లలు తెలుగు, ఉర్దూ మాట్లాడుతూ, దక్కనీ సిక్కులుగా అక్కడే బతుకుతున్నారు.

మదనపల్లె వైపు నుంచి నాందేడ్‌కో, బీదర్ నానక్ ఝీరాకో, అమృత్‌సర్‌కో వెళ్ళే యాత్రికులకు లంగర్ పద్ధతులు కొన్ని తెలిసి ఉంటే మంచిది. చెప్పులు బయట విడిచి, చేతులు, కాళ్ళు కడుక్కోవాలి. ఆడా మగా అందరూ తలకు గుడ్డ కప్పుకోవాలి, లేకపోతే వాకిట్లోనే రుమాలు ఇస్తారు. బీడీ, సిగరెట్టు, మందు దగ్గర ఉండకూడదు. పళ్ళెం అందుకుని, ఖాళీ ఉన్నచోట నేల మీద వరసలో కూర్చోవాలి. రొట్టెను రెండు చేతులూ చాచి తీసుకోవాలి. పప్పు, కూర ఎంత కావాలంటే అంత వడ్డిస్తారు, పారేయడం మాత్రం ఒప్పుకోరు. భోజనం అంతా శాకాహారమే. డబ్బు అడగరు. ఇవ్వాలనుకున్నవాళ్ళు హుండీలో వేయవచ్చు. పని చేయాలనిపిస్తే రొట్టెలు ఒత్తే చోటుకో, గిన్నెలు తోమే చోటుకో వెళ్ళి కూర్చోవచ్చు, ఎవరి అనుమతీ అక్కరలేదు. అమృత్‌సర్ స్వర్ణాలయంలో వంటశాల రాత్రీ పగలూ నడుస్తుంది కాబట్టి, నాందేడ్ నుంచి సచ్‌ఖండ్ ఎక్స్‌ప్రెస్ ఏ వేళకు చేర్చినా అక్కడ భోజనం దొరుకుతుంది.